అయిదంగుళాల అట్టముక్క

గ్రంథాలయాలకు కంప్యూటరు వచ్చిన కథను సాధారణంగా 1960ల దగ్గర మొదలుపెడతారు. కాని ఆ కథకు తొలి ముడి అంతకు ఎనభై ఏళ్ల ముందే పడింది. దాన్ని వేసినవారు ఒక వైద్యుడు.

జాన్ షా బిల్లింగ్స్ 1860లో ఒహాయోలో వైద్యవిద్య పూర్తి చేశారు. మూర్ఛవ్యాధికి శస్త్రచికిత్స అన్నది ఆయన సిద్ధాంతవ్యాసానికి ఎంచుకున్న విషయం. అంతవరకు ఎవరెవరు అలాంటి శస్త్రచికిత్సలు చేశారో, ఎందరు బతికారో, ఎందరు పోయారో తెలుసుకోవడానికి పుస్తకం వెనుక పుస్తకం తిరగేస్తూ నెలల తరబడి గ్రంథాలయాల చుట్టూ తిరగవలసివచ్చింది. కావలసిన సమాచారం ఎక్కడో అచ్చయ్యే ఉంది. అది ఎక్కడున్నదో చెప్పే దిక్కే లేదు. ఆ అవస్థను ఆయన మరచిపోలేదు. అంతర్యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేశాక, వాషింగ్టన్‌లోని సర్జన్ జనరల్ కార్యాలయపు చిన్న గ్రంథాలయం ఆయన చేతికి వచ్చింది. దాన్ని ఆ దేశంలోకెల్లా పెద్ద వైద్య గ్రంథాలయంగా పెంచారు. కొత్తగా వెలువడుతున్న వైద్యవ్యాసాలను విషయాల వారీగా చూపించే ‘ఇండెక్స్ మెడికస్’ అనే మాసపత్రికను 1879లో ప్రారంభించారు. మరుసటి ఏడాది నుంచి ఆ గ్రంథాలయపు బృహత్సూచిక సంపుటాలు ఒక్కొక్కటిగా రాసాగాయి.

ఇదే బిల్లింగ్స్ 1880 నాటి అమెరికా జనాభా లెక్కల్లో జననమరణాల గణాంకాలను కూడా పర్యవేక్షించారు. గుమాస్తాలు కాగితాల కట్టలు ముందేసుకుని చేతితో గీతలు గీసి లెక్కించే ఆ పనిని చూసి, ఇది కేవలం యాంత్రికమైన పని, దీనికొక యంత్రం ఉండాలి కదా అని అక్కడ పనిచేస్తున్న హెర్మన్ హోలరిత్ అనే యువ ఇంజనీరుతో అన్నారు. తనకు ఆలోచన అక్కడే మొదలైందని హోలరిత్ తరువాతి కాలంలో స్వయంగా ఒప్పుకున్నారు. రంధ్రాల కార్డులను లెక్కించే ఆయన యంత్రాలు 1890 జనాభా లెక్కలకు వచ్చాయి. ఆయన పెట్టిన సంస్థ మరికొన్నింటితో కలిసి, పేరు మార్చుకుని, 1924లో ఐబీఎం అయింది. అంటే కంప్యూటరు గ్రంథాలయంలోకి బయటినుంచి వచ్చిన వింత అతిథేమీ కాదు. దాని పూర్వీకుల్లో ఒకరు సూచికలు తయారుచేసే గ్రంథపాలకుడే.

అయితే గ్రంథాలయాలకు అప్పటికే తమదైన కార్డు ఒకటి ఉంది. మూడంగుళాల ఎత్తు, అయిదంగుళాల వెడల్పు. అడుగున ఒక రంధ్రం. ఎవరూ లాక్కుపోకుండా, వరస తప్పకుండా ఆ రంధ్రంలోంచి సొరుగు పొడవునా సాగే లోహపు కడ్డీ. పుస్తకరూపంలో అచ్చు వేసిన కేటలాగు ప్రెస్సు నుంచి వచ్చిన రోజే పాతబడుతుంది. కార్డుల కేటలాగుకు ఆ బాధ లేదు. కొత్త పుస్తకం వస్తే కడ్డీ తీసి, ఉండవలసిన చోట ఒక కార్డు దూర్చితే సరిపోతుంది. కాని ఆ సౌకర్యానికి చెల్లించిన మూల్యం చాకిరీ. రచయిత పేరు కింద ఒకటి, పుస్తకం పేరు కింద ఒకటి, విషయం కింద ఒకటో రెండో, ఇలా ప్రతి పుస్తకానికీ నాలుగైదు కార్డులు కావాలి. టైపు యంత్రాలు రాకముందు అందరి దస్తూరీ ఒకేలా ఉండాలని గ్రంథాలయ పాఠశాలల్లో ప్రత్యేకమైన చేతిరాత నేర్పేవారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1901 నుంచి అచ్చు కార్డులను ఇతర గ్రంథాలయాలకు అమ్మడం మొదలుపెట్టింది. అయినా ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు కూర్చుని వాటిపై శీర్షికలు టైపు చేసి, వరసలో పెట్టక తప్పేది కాదు.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత పరిశోధన వరదలా పొంగింది. ఆ వరద మొదట ముంచింది వైద్యాన్నే. బిల్లింగ్స్ గ్రంథాలయం అప్పటికి నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్‌గా మారింది. ఇండెక్స్ మెడికస్ నెలనెలా లావెక్కుతోంది. ఆ గ్రంథాలయం 1964 జనవరిలో ‘మెడ్లార్స్’ అనే కంప్యూటరు వ్యవస్థను నడపడం మొదలుపెట్టింది. ఇక్కడొక తమాషా ఉంది. అంత ఖర్చు పెట్టి తెచ్చిన యంత్రం చేసిన మొదటి పెద్దపని పాత పత్రికనే మరింత వేగంగా అచ్చుకు సిద్ధం చేయడం. టేపు మీద ఉన్న సమాచారాన్ని అక్షరాలుగా ఫిల్ముపైకి ఎక్కించే ఒక పరికరాన్ని దానికి జతచేశారు. ఆ ఏడాది ఆగస్టు సంచిక అలా తయారైంది. గ్రంథాలయాలు కొత్త సాధనాన్ని ఇంట్లోకి తెచ్చుకున్న తీరు చాలాకాలం ఇదే. యంత్రం కొత్తది, అది చేసిపెట్టే వస్తువు పాతది.

మెడ్లార్స్‌లో వెతకడం నేటివారికి నమ్మశక్యం కాని వ్యవహారం. వైద్యుడు తన ప్రశ్నను కాగితం మీద రాసి పంపాలి. దానికోసమే శిక్షణ పొందిన నిపుణుడు దాన్ని చదివి, యంత్రానికి అర్థమయ్యే సూత్రంగా మార్చాలి. అలాంటి ప్రశ్నలు కొన్ని పోగయ్యాక అయస్కాంత టేపును మొదటినుంచి చివరిదాకా నడిపించాలి. ముద్రించిన జాబితా తిరిగి తపాలాలో వచ్చేసరికి వారాలు గడిచేవి. ప్రశ్న కొంచెం తప్పుగా అడిగామని అప్పుడు తెలిస్తే మళ్లీ మొదటికే. 1971 అక్టోబరులో ‘మెడ్‌లైన్’ వచ్చింది. దూరపు ఊరి గ్రంథాలయంలోని టెలిటైపు నుంచి అడిగినదానికి అప్పటికప్పుడే జవాబు రావడం దానితో సాధ్యమైంది. ఏకకాలంలో పాతికమంది వాడుకోగల ఏర్పాటు అది. ఆనాటికి అదే అద్భుతం.

ఆ అద్భుతం వెనుక కనబడని చాకిరీ మరొకటి ఉంది. గుండెపోటు గురించి ఒక వ్యాసకర్త ‘హార్ట్ ఎటాక్’ అని రాస్తాడు, మరొకరు ‘కరొనరీ థ్రాంబోసిస్’ అంటారు, ఇంకొకరు ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ అంటారు. ఇవన్నీ ఒకచోట చేరాలంటే వ్యాసాన్ని చదివి, ఇది దేని గురించి అని నిర్ణయించి, అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక పేరు కింద పెట్టే మనిషి కావాలి. అలాంటి పేర్ల పట్టికను 1960లోనే, కంప్యూటరు రాకముందే, ఆ గ్రంథాలయం ప్రకటించింది. మెడ్‌లైన్‌లో వెతికినవారికి కంప్యూటరు వేగం కనిపించేది. ఆ వేగంతో ఏం దొరకాలన్నది అంతకుముందే, వ్యాసం చదివిన మనిషి బల్ల దగ్గర, తేలిపోయి ఉండేది.

ఇక పుస్తకాల సంగతి. 1965లో హెన్రియెట్ ఎవ్రమ్ అనే కంప్యూటరు ప్రోగ్రామరు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేరారు. ఆమెకు గ్రంథాలయశాస్త్రంలో పట్టా లేదు. వైద్యురాలు కావాలన్న కోరికతో న్యూయార్కులోని హంటర్ కళాశాలలో చదువు మొదలుపెట్టి, వేరే దారిలోకి మళ్లిన మనిషి. కేటలాగు కార్డులోని సమాచారాన్ని కంప్యూటరుకు ఎలా ఎక్కించాలో తేల్చడం ఆమెకు అప్పగించిన పని. పైకి సులభంగానే కనిపిస్తుంది. కాని కార్డు మీద ఏది రచయిత పేరో, ఏది పుస్తకం పేరో మన కంటికి దాని స్థానాన్ని బట్టి, అచ్చును బట్టి, అలవాటును బట్టి తెలుస్తుంది. యంత్రానికి ఈ అలవాటు లేదు. పేరుకు ముందున్న ఖాళీకీ, కామాకూ, చుక్కకూ ఉన్న అర్థాన్నంతా ఎవరో ఒకరు విప్పి చెప్పాలి. ఎవ్రమ్ కేటలాగర్ల దగ్గర ఆ విద్యను కూలంకషంగా నేర్చుకుని, కార్డును అణువణువూ విడదీసి, ప్రతి భాగానికీ ఒక అంకె ఇచ్చారు. రచయితకు 100, గ్రంథనామానికి 245, విషయానికి 650. దాని పేరు ‘మార్క్’, అంటే యంత్రం చదవగల కేటలాగు. 1966లో 16 గ్రంథాలయాలతో ప్రయోగం మొదలైంది. 1969 నుంచి టేపులు క్రమబద్ధంగా చందాదారులకు వెళ్లసాగాయి. ఆ అంకెలను ప్రపంచమంతటా కేటలాగర్లు ఈనాటికీ వాడుతున్నారు.

ఎవ్రమ్ చేసింది కార్డుకు మరుజన్మ ఇవ్వడమే. అందువల్ల కార్డు గుణాలతోపాటు దాని లోపాలూ కొత్త జన్మలోకి వచ్చాయి. ముగ్గురికి మించి రచయితలుంటే మొదటివారి పేరు మాత్రమే రాసి ‘తదితరులు’ అనడం ఆనాటి నియమం. అయిదంగుళాల అట్ట మీద చోటు లేని రోజుల్లో, ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క కార్డు టైపు చేయవలసిన రోజుల్లో ఆ నియమం సబబే. కంప్యూటరులో చోటుకు కొదవ లేదు. అయినా 2010లో కొత్త నియమావళి వచ్చేదాకా అది కొనసాగింది. నాలుగో రచయిత పుస్తకం రాశాడు, కాని కేటలాగుకు ఎక్కలేదు.

ఎవ్రమ్ కార్డుకు భాష ఇస్తే, దాన్ని ఊరూరా పంచిపెట్టే మార్గం చూపినవారు ఫ్రెడరిక్ కిల్గోర్. ఈయనా వైద్య గ్రంథాలయాల మనిషే, యేల్ విశ్వవిద్యాలయ వైద్య గ్రంథాలయాన్ని చాలాకాలం నడిపారు. ఒకే పుస్తకాన్ని వంద గ్రంథాలయాలు కొంటే, వందమంది కూర్చుని దానికి వందసార్లు కార్డు రాయడమెందుకన్నది ఆయన ప్రశ్న. 1967లో ఒహాయో కళాశాలల గ్రంథాలయాలు కలిసి ఓసీఎల్‌సీ అనే సంస్థను ఏర్పరచుకుని ఆయన చేతిలో పెట్టాయి. 1971 ఆగస్టు 26న ఒహాయో విశ్వవిద్యాలయంలోని ఆల్డెన్ గ్రంథాలయంలో కేటలాగర్లు తొలిసారి తెర ముందు కూర్చున్నారు. ఆ ఒక్కరోజున 133 పుస్తకాలు కేటలాగుకు ఎక్కాయి. ఒకరు రాసింది మిగిలినవారందరిదీ అయింది.

ఇక్కడా అదే తమాషా. ఓసీఎల్‌సీ కంప్యూటరు ముందుగా గ్రంథాలయాలకు ఇచ్చింది కార్డులనే. వరసక్రమంలో అమర్చి, పెట్టెల్లో సర్ది, సొరుగుల్లో పెట్టుకోవడానికి సిద్ధంగా పంపేది. అలా దాదాపు 190 కోట్ల కార్డులు ముద్రించి, 2015 అక్టోబరు 1న చివరి విడత పంపింది. కార్డును చంపిందని పేరు మోసిన సంస్థే మానవచరిత్రలో అత్యధిక సంఖ్యలో కార్డులను పుట్టించినవాటిలో ఒకటి.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1981 ఆరంభం నుంచి కొత్త పుస్తకాలకు తన ప్రధాన కేటలాగులో కార్డులు చేర్చడం ఆపేసింది. తరువాతి పదిహేనేళ్లలో పాత సొరుగులు ఒక్కొక్క ఊళ్లోనూ ఖాళీ అయ్యాయి. 1994లో నికొల్సన్ బేకర్ అనే నవలాకారుడు న్యూయార్కర్ పత్రికలో ‘డిస్కార్డ్స్’ అనే సుదీర్ఘ వ్యాసం రాశారు. ఒక ఆరోగ్యశాస్త్ర గ్రంథాలయం తన కార్డులను బెలూన్లకు కట్టి ఆకాశంలోకి వదిలి పండుగ చేసుకున్న వైనం అందులో ఉంది. బేకర్‌కు అది పండుగలా కనిపించలేదు. తరతరాల కేటలాగర్లు కార్డుల అంచున పెన్సిలుతో రాసుకున్న గమనికలు, ‘ఇది కూడా చూడు’ అంటూ దారి చూపిన ఎదురు సూచనలు, ఎక్కువమంది వెతికిన చోట వేళ్ల మురికితో నల్లబడిన అంచులు, ఇవేవీ తెరమీదికి రాలేదని ఆయన బాధ. పుస్తకాన్ని చూడకుండా, కార్డును మాత్రమే చూసి, గంటకిన్ని అని హడావుడిగా టైపు చేయించినప్పుడు కొత్త తప్పులు చేరాయని ఆయన ఫిర్యాదు.

ఆ వ్యాసం మీద గ్రంథపాలకులు చాలామంది మండిపడ్డారు. వారి కోపమూ అర్థం చేసుకోదగ్గదే. పేరులో మొదటి పదం గుర్తులేని పాఠకుడికి సొరుగు ఏ సహాయమూ చేయలేదు, తెర చేస్తుంది. నడవలేని పాఠకుడికీ, పల్లెటూరి పాఠకుడికీ ఇంటిదగ్గరే కేటలాగు తెరుచుకుంది. బేకర్ పోగొట్టుకున్నదీ నిజమే, గ్రంథపాలకులు సాధించినదీ నిజమే. ఈ రెండు నిజాల మధ్య ఎంత దూరముందో బాగా తెలిసేది, రోమను లిపి కాని భాషలో చదువుకునేవారికి.

తెలుగు పుస్తకాన్నే చూడండి. అమెరికా ధాన్యం అమ్మగా ఇండియాలో పోగుపడిన రూపాయలతో భారతీయ భాషల పుస్తకాలు కొనే పథకం 1962లో మొదలైంది. పబ్లిక్ లా 480 అనే ఆ పథకం కింద లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం పుస్తకాలు సేకరించి అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపేది. రాజమండ్రిలోనో విజయవాడలోనో కొద్ది ప్రతులు అచ్చయి, ఊళ్లో కూడా దొరకని నవలలు, కవితా సంపుటాలు అలా షికాగో చేరాయి, విస్కాన్సిన్ చేరాయి. మనవాళ్లు దాచుకోలేనిదాన్ని పరాయి దేశం దాచిపెట్టింది. దాచిపెట్టినదాన్ని వెతుక్కునే దారి మాత్రం రోమను లిపిలో ఉంది.

మార్క్ తొలి అక్షరమాలలో ఐరోపా భాషల యాసగుర్తులన్నీ ఉన్నాయి. తెలుగు అక్షరం లేదు. 1980లలో చైనా, జపాను, కొరియా లిపులకు, తరువాత హిబ్రూ, అరబిక్ లిపులకు గ్రంథాలయ కంప్యూటర్లలో చోటు దొరికింది. మన లిపి చాలా ఏళ్లు బయటే నిలబడింది. కనుక ప్రతి తెలుగు పేరునూ కచ్చితమైన నియమాల ప్రకారం రోమను లిపిలోకి మార్చేవారు. ఆ నియమాలు శాస్త్రీయమైనవే. చ-కు ‘సి’ ఒక్కటే, ఛ-కు ‘సి’ పక్కన ‘హెచ్’. అందుచేత చలం పేరు ‘సి, ఏ’తో మొదలవుతుంది. చలం పుస్తకం కోసం వచ్చిన తెలుగువాడు అలవాటు ప్రకారం ‘సి, హెచ్’ కొడతాడు. రావు అనే పేరును తెలుగువారంతా ‘ఆర్, ఏ, ఓ’ అని రాసుకుంటారు. నియమం ప్రకారం అది ‘ఆర్, ఏ, వి, యు’. పుస్తకం లేదని తెర చెబుతుంది. వెతికినవాడు వెనుదిరుగుతాడు. రెండంతస్తుల కింద, బీరువాలో, ఆ పుస్తకం తన పేరును తెలుగులోనే అట్టమీద పెట్టుకుని ఉంటుంది. అరవై ఏళ్ల క్రితం ఓడెక్కి వచ్చిన ఆ పుస్తకానికీ, దానికోసమే వచ్చిన పాఠకుడికీ మధ్య అడ్డుపడింది ఒక్క ‘హెచ్’ అక్షరం.

ఈ చిక్కుకు గ్రంథాలయాలు కార్డుల కాలంలోనే ఒక మందు కనిపెట్టాయి. గుడిపాటి వెంకటచలం అని వెతికినవారిని ‘చలం చూడు’ అని పంపించే కార్డు అది. ఒకే మనిషికి ఉన్న కలం పేరు, ఇంటిపేరుతో కూడిన పేరు, పొడి అక్షరాల పేరు, వీటన్నిటినీ ఒకచోట ముడివేసి పెట్టడం కేటలాగర్ల విద్యలో అతి కష్టమైన భాగం. కంప్యూటరు ఆ ముడిని అందంగా మోస్తుంది. వేయడం మాత్రం దానికి తెలియదు. ఆ ఇద్దరూ ఒక్కరేనని తెలిసిన మనిషి, అంటే తెలుగు చదివిన మనిషి, ఎక్కడో ఒక బల్ల దగ్గర కూర్చుని ఉండాలి. అలాంటివారు ఎన్నడూ ఎక్కువమంది లేరు.

1991లో యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగుకు చోటు దక్కింది. ఆపైన కేటలాగులోనూ తెలుగు లిపికి దారి ఏర్పడింది. అయితే దారి ఏర్పడినంత మాత్రాన పాత పుస్తకాల వివరాలు వాటంతటవే తెలుగులోకి మారిపోవు. అది మళ్లీ మనిషి పనే.

అంతలో ఇంకొక పెద్ద మార్పు వచ్చింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి, కేటలాగునే కాదు, పుస్తకాన్నే తెరమీదికి తెద్దామన్నారు. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయాలన్న ఆ సంకల్పంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందులో ముఖ్య కేంద్రం. వేల తెలుగు పుస్తకాలు, కొన్ని మరెక్కడా మిగలనివి, ప్రపంచంలో ఏ మూలనున్న తెలుగువాడికైనా ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. ప్రవాసాంధ్రుల్లో ఎందరో ఆ రోజుల్లో రాత్రిళ్లు మేలుకుని పేజీ తరువాత పేజీ దించుకున్నారు.

కాని వెతకడం అక్కడా గగనమైంది. పేర్లను రోమను అక్షరాల్లో, ఈసారి ఏ నియమమూ లేకుండా, ఎవరికి తోచినట్టు వారు టైపు చేశారు. ఒకే మాటకు నాలుగు వర్ణక్రమాలు, రచయిత పేరు ఉండవలసిన చోట మరేదో. అమెరికా గ్రంథాలయంలో పుస్తకాన్ని అతి కచ్చితమైన నియమం దాచిపెడితే, ఇక్కడ నియమం లేకపోవడం దాచిపెట్టింది. గుణింతాలు, ఒత్తులు కలిసిన పాత అచ్చును యంత్రం తనంతట తాను చదవలేని రోజులవి. కనుక పేజీలోని మాటలను పట్టుకుని వెతికే వీలూ లేదు. ఆ తరువాత కొన్నేళ్లకు అసలు ఆ గూడే మూతపడింది. దాని పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరినప్పుడు, పాత వర్ణక్రమాలూ వాటితోపాటే వెళ్లాయి.

ఆ అడవిలో దారి వేయడానికి పూనుకున్నవారు తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు. జీతం లేదు, పట్టా లేదు. చేసిన పని మాత్రం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగరు చేసినదే. ఒక్కొక్క పుస్తకం పేరు, రచయిత పేరు, అచ్చయిన సంవత్సరం తెలుగు లిపిలో రాసి జాబితాలుగా పెట్టారు.

బిల్లింగ్స్ పత్రిక 2004 చివర్లో కాగితం మీద రావడం ఆగిపోయింది. దాని సంతానమైన పబ్‌మెడ్ 1997 నుంచి ప్రజలందరికీ ఉచితం. నెలల తరబడి ఆయన వెతికిన విషయం నేటి వైద్యవిద్యార్థికి సెకన్లలో దొరుకుతుంది. ఎవ్రమ్, కిల్గోర్ ఇద్దరూ 2006లోనే కొద్ది నెలల తేడాతో కన్నుమూశారు. మట్టిపలకల కాలం నుంచి తెరల దాకా పుస్తకం మారుతూ వచ్చిన తీరును కిల్గోర్ తన ‘ది ఎవల్యూషన్ ఆఫ్ ది బుక్’ అనే గ్రంథంలో చెప్పారు. ఆ మార్పులన్నిటిలోనూ మారని పని ఒకటుంది. ఇవాళ ఏ ఊళ్లోనైనా ఒక తెలుగు కార్యకర్త, పగటి ఉద్యోగం ముగించుకుని కంప్యూటరు తెరిచి, స్కాన్ చేసిన పాత నవల ముఖపత్రాన్ని పెద్దది చేసుకుంటాడు. చెదలు తిన్న చోట అక్షరాన్ని ఊహించి, ఊహ సరైనదో కాదో మరొక పుస్తకంతో సరిచూసుకుంటాడు. రచయిత పూర్తి పేరు, అచ్చయిన ఊరు, సంవత్సరం ఒక వరుసలో కూర్చి, తరువాతి పేజీ తెరుస్తాడు.